గోపురము చాటున పడిన పని

పారిస్ నగరపు ఇనుపగోపురమును పటములోనైనను చూడని చదువరి యుండడు. దానిని కట్టించిన గుస్తావ్ ఈఫెల్ పేరు బాలురు సైతము చెప్పుదురు. అంతటితో చాలునను పెద్దలతోనే మాకు తగవు. ఆ గోపురమే ఈఫెల్ ఘనత యనుట పొగగొట్టమును చూచి వంటను మెచ్చుకొనుట వంటిది.

1887లో పారిస్ కళాకోవిదులును గ్రంథకర్తలును ఆ కట్టడము వికారమనియు నిరుపయోగమనియు పత్రికాముఖమున ఖండించిరి. 1889లో అది 300 మీటర్ల యెత్తున నిలిచెను. వారి మాట యంతయు తప్పని మేమనము. ఉపయోగము చూపవలసిన భారము కట్టినవానిదే. ఈఫెల్ ఆ భారమును మోసెను. అందు స్వలాభము లేకపోలేదు. గోపురముపై ఆతని హక్కు ఇరువదియేండ్లకే. పనికిరానిదని తేలినచో కూల్చివేయుదురు. అయిననేమి? స్వలాభము తగిలినంతమాత్రమున విద్య మైలపడునా?

1893లో పనామా కాలువ వ్యవహారమున న్యాయస్థానము ఆతనికి కారాగారశిక్ష విధించెను. పై న్యాయస్థానము ఆ యేడే తీర్పును కొట్టివేసెను. అప్పటికి ఆతనికి అరువదేండ్లు నిండినవి. వ్యాపారము విడిచెను. మన యిండ్లలోనైనచో 'ఇక కృష్ణా రామా యనుకొనుచు మూలను కూర్చుండుడు' అందురు.

ఆతడు కూర్చుండలేదు. 1903 మొదలు గోపురపు రెండవ అంతస్తునుండి, అనగా సుమారు 115 మీటర్ల యెత్తునుండి, నిలువుగా బిగించిన తీగవెంట ఒక యంత్రమును జారవిడుచుచు వచ్చెను. దాని ముందొక పలక, పలక వెనుక స్ప్రింగు, మసి పూసిన గొట్టముపై ములుకు గీయు గీత. గాలి పలకను ఎంత నెట్టినదో ఆ గీతయే చెప్పును. వేగము రెండింతలైన గాలి యడ్డు ఇంచుమించు నాలుగింతలగునని తేలెను.

1909లో గోపురము చెంతనే గాలిసొరంగమును నిర్మించెను. ఇందు వస్తువు కదలదు. గాలినే దానిపైకి తోలుదురు. ఈ రెండును ఒకటి కావని వాదించువారుండిరి. ఈఫెల్ వాదింపక రెండు విధములను కొలిచి సరిపోల్చి చూపెను. విమానపు రెక్కను క్రిందిగాలి నెట్టుటకంటె, పైని ఒత్తిడి తగ్గి మీదికి లాగుటయే అధికమని నిరూపించెను.

1912లో ప్రయోగశాలను నగరమందే ఓతోయ్ పేటకు మార్చెను. ఆ దినములలోనే గోళమును పరీక్షింపగా ఆతనికి వచ్చిన అంకె జర్మనీలోని గొట్టింగెన్ పండితుల అంకెలో సగమైనను లేదు. ఫ్రెంచివాడు లెక్క తప్పెనని వారు తలంచిరి. మన పండితసభలలోనైనచో ఇచట శ్లోకములు, తిట్లు, శిష్యుల కోలాహలము! ఈఫెల్ వేగమును మార్చి మార్చి కొలిచెను. ఒకానొక వేగము దాటగనే గోళమునకు గాలి యడ్డు హఠాత్తుగా తగ్గుచుండెను. తక్కువ వేగమున కొలిచిన జర్మనులదియు నిజమే, హెచ్చు వేగమున కొలిచిన ఆతనిదియు నిజమే! గోళమును అంటి పారు పలుచని గాలిపొర కల్లోలమైనప్పుడు గోళపు వెనుకభాగమును మరికొంత దూరము విడువదనియు, అందుచే వెనుక సుడిగాలి తోక సన్నబడుననియు 1914లో గొట్టింగెన్ పండితుడైన ప్రాంట్లే వివరించెను. తప్పుపట్టిన చోటనే కారణము దొరకెను.

అప్పటికి ఈఫెల్ వయస్సు ఎనుబది దాటినది. 1923లో మరణించెను. మేము చూచిన బాలల పుస్తకములలో గోపురపు ఎత్తు మీటర్లలోను అడుగులలోను ఉన్నది. ఆ గోళము మాట ఎచ్చటను లేదు.