గండికోటలో ఊరు ఉండకూడదా?



గండికోట టూరు పోయొచ్చినప్పటి నుంచి మన హాస్టల్లో ఒకటే వాదన. ఆ లోయను నేషనల్ పార్కు చేసి, చుట్టూ కంచె వేసి, ఊరినీ మేకలనూ బయటికి పంపాలని కొందరు అంటున్నారు. లోయను కాపాడాలనే నేనూ అంటాను. ఊరిని పంపాలంటే మాత్రం ఒప్పుకోను.

లోయ గొప్పదే. పెన్నా నది ఎర్రమల కొండల్ని లక్షల ఏండ్లుగా కోసుకుంటా పోయింది. సుమారు 300 అడుగుల లోతు. ఎవరో పేర్చిపెట్టినట్టు పలకలు పలకలుగా ఎర్రరాళ్ళు. మన కణేకల్ పక్కన హగరి ఇసుకను గాలి ఎత్తి చేలల్లో పోస్తాది, దాన్ని చూసేకి ఎవరూ బస్సు కట్టించుకొని రారు! సరే, అది వేరే మాట.

గండికోటను మన దేశపు గ్రాండ్ క్యానియన్ అంటారు కదా. అమెరికాలో ఉండే అసలుది 1919లో నేషనల్ పార్కు అయింది. అక్కడ హవసుపాయి అనే ఆదివాసులు వందల ఏండ్లుగా మొక్కజొన్న, చిక్కుళ్ళు పండించుకుంటా బతికినారు. పార్కు వచ్చినాక వాళ్ళను లోయలోని తోట నుంచి వెళ్ళగొట్టినారు. వాళ్ళు అడిగి అడిగి 1975లో 1,85,000 ఎకరాలు వెనక్కి తెచ్చుకున్నారు. 2022లో ఆ తోటకు వాళ్ళ పేరే పెట్టినారు. ఇది తెలిసినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. కట్టెలకు పోతే ఆమె కొడవలి గుంజుకొని, ఉత్త చేతులతో పంపినారంట.

మన దేశంలో 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువుల్ని మేపకూడదు. పార్కు అంటే పులులు, నెమళ్ళు అని టీచరు చెప్తే విన్నాం. మేకలే ఆస్తి అయినోళ్ళ చెవికి మాత్రం ముందు ఈ మాటే వినపడతాది.

గండికోట ఊరు కోట లోపలే ఉంది. మాధవరాయ గుడి, జామియా మసీదు ఉండేది కూడా ఆ కోటలోనే. మనకు దప్పికైతే బిందె ఎత్తి నీళ్ళు పోసింది ఆ ఊరి అవ్వే. లోయ అంచున ప్లాస్టిక్ గ్లాసులు పారేసింది, రాళ్ళ మీద పేర్లు గీకింది మేకలోళ్ళు కాదు, మన మాదిరి చూసేకి వచ్చినోళ్ళు. అట్లాంటప్పుడు కట్టడి ఎవరికి పెట్టాలి? గేటు దగ్గర సంచులు వెతకాలి. అంచున కమ్మీలు కట్టాలి. దారి చూపే పని ఆ ఊరి పిల్లలకే ఇయ్యాలి, రాళ్ళ సందుల్లో దారులు వాళ్ళకే తెలుసు.

ఊరిని పంపాలనేవాళ్ళు వచ్చే నెల గోడపత్రికలో రాయండి. వాళ్ళు యాడికి పోవాలో, మేకల్ని యాడ మేపాలో కూడా అందులోనే రాయండి.

— 9వ తరగతి విద్యార్థిని