గ్రెప్‌కి దొరకని తెలుగు

లినక్స్ కమాండ్స్ అంటే మనలో చాలామందికి వైవా ముందురోజు రాత్రి బట్టీ పట్టే పదాలు. క్యాట్, హెడ్, టెయిల్, లెస్, గ్రెప్. ల్యాబ్ ఎగ్జామ్ అయిపోతే వాటితో పనుండదు. కానీ వాటితో అసలు పని ఉన్నది మన సాహితీ క్లబ్‌కే అని నేనంటాను.

ఇన్నేళ్ళ మన పత్రికల్లో గోదావరి మీద ఎవరేం రాశారో వెతకాలనుకోండి. రచనలన్నీ యూనికోడ్ టెక్స్ట్ ఫైళ్ళుగా ఉంటే గ్రెప్‌కి అది ఒక్క లైను పని. ‘గోదావరి’ అని ఇస్తే గోదావరిలో, గోదావరికి కూడా దొరుకుతాయి. మరి మనం మాట్లాడేది ‘గోదారి’ కదా! గ్రెప్‌కి క్యాపిటల్ ‘ఈ’ ఆప్షన్ ఇచ్చి ‘గోదా(వ)?రి’ అని రాస్తే రెండూ పట్టుకొస్తుంది. ‘వ’ ఉన్నా సరే, లేకపోయినా సరే అని దానర్థం. దొరికిన లైన్లని పైపులో పెట్టి లెస్‌కి పంపితే తీరిగ్గా చదువుకోవచ్చు. కాలవ నీళ్ళు పంటబోదెలోకి మళ్ళించినట్టే.

అడ్డం ఎక్కడొస్తుందంటే పాత డీటీపీ ఫైళ్ళ దగ్గర. అను లాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టుకున్నాయి. ఫాంటు తీసేస్తే కథంతా పిచ్చిగీతలే. మనిషే చదవలేనిది గ్రెప్ ఏం వెతుకుతుంది? 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మరుసటి ఏడాది రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8 తయారుచేసిన కెన్ థాంప్సనే గ్రెప్ కూడా రాశాడు. దారి వేసి ముప్పై ఏళ్ళు దాటింది, నడవాల్సింది మనమే.

‘టెర్మినల్‌లో తెలుగు సరిగ్గా కనపడదు కదా’ అంటారు. నిజమే. టెర్మినల్ తెరని సమానమైన గళ్ళుగా చూస్తుంది. ‘గోదావరి’ మనకి నాలుగు అక్షరాలు, యూనికోడ్‌కి ఏడు, యూటీఎఫ్-8 ఫైల్లో 21 బైట్లు. అందుకే చాలా టెర్మినళ్ళలో వత్తులు విడిపోతాయి, విమ్‌లో కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట ఉంటాయి. అయితే కనపడే తీరు చెడినా ఫైలు చెడదు, వెతుకులాట ఆగదు. దిద్దడం మామూలు ఎడిటర్‌లో చేసుకుందాం, వెతకడం టెర్మినల్‌కి వదిలేద్దాం. ఆ గళ్ళ సమస్య తీర్చడం ఫైనలియర్ ప్రాజెక్టుకి సరిపడా పని కూడానూ.

కాబట్టి నా మాట ఒకటే. వచ్చే సంచిక నుంచి ప్రతి రచననీ పీడీఎఫ్‌తో పాటు యూటీఎఫ్-8 టెక్స్ట్ ఫైలుగా కూడా దాచుదాం. పాత సంచికలు సెలవుల్లో తలా ఒకటి టైప్ చేద్దాం. మనం పాసై వెళ్ళిపోయాక వచ్చే జూనియర్‌కి మన పేర్లు తెలియకపోవచ్చు. మన వాక్యం మాత్రం ఒక్క కమాండ్‌తో దొరకాలి.