ఆడపిల్లకు ఆటస్థలం ఏది?

మన నిర్మల్‌కూ, జగిత్యాలకూ పొరుగు జిల్లా నిజామాబాద్. అక్కడి కిసాన్‌నగర్ తండా బిడ్డ గుగులోత్ సౌమ్య ఫుట్‌బాల్ ఆడుతూ భారత జట్టు దాకా ఎదిగింది. 2022లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్ క్లబ్బు ఆమెను తమ జట్టులో చేర్చుకుంది. ఆ తరువాత కోల్‌కతా ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడింది. 2024-25లో ఆ క్లబ్బు భారత మహిళా లీగ్ గెలిచింది. ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సౌమ్యనే ఎంపిక చేసింది. 2025 జూలైలో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించిన భారత బృందంలోనూ ఆమె ఉంది.

ఆ నిజామాబాద్ నుంచే వచ్చిన నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. ఆమెను మైదానానికి తీసుకువెళ్లింది కన్నతండ్రి జమీల్ అహ్మద్.

మరి కరీంనగర్, ఆదిలాబాద్‌లలోని మన అమ్మాయిల సంగతేమిటి? వారికి సత్తా లేకనా? కాదు. ఏడో తరగతి దాటగానే మన ఇళ్లలో ఆడపిల్ల ఆట ఆగిపోతోంది. నలుగురూ ఏమనుకుంటారో, రేపు సంబంధాలు వస్తాయో రావో అన్న బెంగ ఒకటి. దుస్తుల మాట మరొకటి.

దుస్తుల సంగతే చూద్దాం. 2011లో తలకు వస్త్రం కట్టుకున్నందుకు ఇరాన్ అమ్మాయిలను ఒలింపిక్ అర్హత పోటీలో ఆడనివ్వలేదు. 2014లో ఫుట్‌బాల్ నిబంధనలే మారాయి. 2023లో మొరాకోకు చెందిన నుహైలా బెంజినా హిజాబ్‌తోనే ప్రపంచ కప్ ఆడింది. కనుక ఆ సాకు ఇక చెల్లదు.

ఈ ఆట మనకు పరాయిది కూడా కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన శిక్షకుడు హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. తాతలు మెచ్చిన ఆట మనుమరాళ్లకు కూడనిదవుతుందా?

ప్రభుత్వాన్ని మేము కోరేది పెద్ద వరమేమీ కాదు. బాలికల మైనారిటీ గురుకులాల్లో ఆటస్థలం, మహిళా శిక్షకురాలు ఉండాలి. కరీంనగర్, ఆదిలాబాద్ స్టేడియాల్లో రోజుకు రెండు గంటలు ఆడపిల్లలకే కేటాయించాలి. రానుపోను బస్సు సౌకర్యం ఉంటే తల్లుల బెంగ సగం తీరుతుంది.

అయితే ప్రభుత్వం మైదానం ఇవ్వగలదు గానీ, ఇంటి గడప దాటనివ్వవలసింది మనమే. ఆడిన ప్రతి అమ్మాయీ సౌమ్య కాలేదు. కానీ ఒంటికి ఆరోగ్యం, మనసుకు ధైర్యం, ఓడినా మళ్లీ లేచి నిలబడే అలవాటు ప్రతి అమ్మాయికీ దక్కుతాయి. అబ్బాయికి బంతి కొనిచ్చే తండ్రులు ఆ బంతిని చెల్లెలి వైపు కూడా ఒకసారి తన్నమని చెప్పాలి. మార్పు అక్కడే మొదలవుతుంది.