చేయి జేబులోకి పోయే ముందు

కొనకనమిట్ల



మన ఊరి పిల్లల్లారా, మీలో కొందరు హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నారు. కొందరు చదువుకో పనికో రోజూ పొదిలికీ మార్కాపురానికీ తిరుగుతున్నారు. ఫోన్‌ను తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీరు పంపే డబ్బు దాని మీదే మాకు చేరుతోంది, మనవళ్ల ముఖాలు అందులోనే చూస్తున్నాం. నేను అడిగేది వేరు. రోజు మొత్తంలో మీరు మీతో కాసేపైనా ఉంటున్నారా?

మాకు ఆ సమయం కోరకుండానే దొరికేది. పొగాకును సెగ మీద ఆరబెట్టే బ్యారన్ దగ్గర ఆకు కాల్చేటప్పుడు దాదాపు వారం పాటు రాత్రింబవళ్లు వేడి చూసుకోవాలి. ఆకు పచ్చదనం పోయి పసుపు తిరిగేదాకా సన్నటి సెగ, తరువాత ఆకు ఆరడానికి ఇంకొంచెం, చివరికి ఈనె ఎండడానికి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా. తొందరపడి పెంచితే రంగు చెడుతుంది, వేలంలో ధర పడిపోతుంది. నిద్రపోవడానికి లేదు, చేతికి పెద్దగా పనీ లేదు. కట్టె ఎగదోయడం, థర్మామీటర్ చూడడం, అంతే. మిగతా రాత్రంతా మనసే. ఎవరి మీద కోపముందో, ఏ అప్పు భయపెడుతోందో, పక్క పొలం పచ్చగా ఉంటే ఎందుకు కడుపు మండిందో అన్నీ వచ్చి ఎదుట కూర్చునేవి. ఆ రాత్రులు సుఖంగా గడిచేవని చెప్పను. కానీ నాలో ఏముందో నాకు తెలిసింది అక్కడే.

ఖాళీగా కూర్చోవడం ఎవరికైనా కష్టమే. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన పరీక్ష ఒకటి 2014లో అచ్చయింది. మనుషులను పావుగంట సేపు గదిలో ఒంటరిగా ఉంచి, నొక్కితే కరెంటు షాక్ తగిలే మీట ఒకటి అందుబాటులో పెట్టారు. ముందే ఆ షాక్ తిని, మళ్లీ తగలకుండా ఉంటే డబ్బైనా ఇస్తామన్నవాళ్లే వాళ్లు. అయినా 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు దాన్ని నొక్కుకున్నారు.

ఇప్పుడా మీట అందరి జేబులోనూ ఉంది. వేలు జరిపేకొద్దీ అయిపోని పేజీని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తరువాత బాధపడ్డాడు. పేజీకి చివరంటూ ఉంటే అక్కడ ఆగి, ఇంకా చూడాలా అని అనుకుంటాం. చివరే లేకపోతే ఆ ప్రశ్న పుట్టదు.

అలా ఆగి లోపలికి చూడమన్నవారు ఒకరున్నారు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ అనే సంస్థను 1929లో తానే రద్దు చేశారు. కోపం వస్తే దాన్ని తిట్టకుండా, సమర్థించుకోకుండా ఊరికే చూడమని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చారు. ఈ రోజుల్లో ధ్యానానికీ యాప్‌లున్నాయి, వరసగా ఎన్ని రోజులు కూర్చున్నారో చూపిస్తాయి. కొందరికి మేలు చేస్తాయేమో. నాకు మాత్రం, లెక్క మొదలయ్యాక కన్ను లోపలి నుంచి లెక్క మీదికి పోతుందనిపిస్తుంది.

మీరు చేయవలసింది చిన్నదే. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలు కోసం నిలబడ్డప్పుడు, చేయి జేబులోకి పోయే క్షణాన్ని పట్టుకోండి. ఫోన్ తీయొద్దనను. తీసే ముందు లోపల ఏముందో చూడండి. విసుగా? ఒంటరితనమా? ఎవరో స్టేటస్‌లో పెట్టిన కొత్త ఇల్లు గుచ్చుకుందా? ఉద్యోగం రాదేమోనన్న భయమా? చూశాక తీసుకోండి. మొదట్లో తీసిన తరువాతే గుర్తొస్తుంది, ఫరవాలేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. లోపల కనబడింది మోయలేనంత బరువైతే, నిద్ర పట్టకపోతే, బతకాలని లేకపోతే, దాన్ని ఒంటరిగా చూస్తూ కూర్చోవద్దు. అప్పుల ఇళ్లలో పెరిగిన మీకు ఇంట్లో చెప్పలేని మాటలుంటాయని నాకు తెలుసు. మనసు బాధలు వినే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. నాకు చేసినా సరే, ఏ రాత్రయినా ఎత్తుతాను.

సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ఇంటికి రండి. మీకు కనిపించింది ఏమిటో చెప్పండి, మధ్యలో సలహాలు ఇవ్వకుండా వింటాను.

మీ తాత