మురుగునీటి హైడ్రోజన్: ఆశ ఎంత, లెక్క ఎంత?

భిలాయి ఉక్కునగరంలో సెక్టర్ 7 వంటి కాలనీల మురుగునీటి నుంచి హైడ్రోజన్ తీసి, పక్కనే ఉన్న కర్మాగారంలో ఇనుము తయారీకి వాడవచ్చునా? వినడానికి ముచ్చటగానే ఉన్నా ఈ ఆలోచన లెక్కకు నిలవడం కష్టం.

ఉక్కు పరిశ్రమను బొగ్గు నుంచి మళ్లించాలన్న ఒత్తిడి పెరుగుతున్నది. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 19,744 కోట్ల రూపాయల జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకున్నది. విద్యుత్తుతో నీటిని విడగొట్టే పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కు 50 యూనిట్లకు పైగా ఖర్చవుతాయి. సూక్ష్మజీవుల చేత ఆ పని చేయించాలన్న ఆలోచనకు మూలం ఇదే.

గాలి చొరని రియాక్టర్‌లో బాక్టీరియా చక్కెరలను పులియబెట్టినపుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గోబర్ గ్యాస్ ప్లాంటులోనూ ఇది పుడుతుంది గానీ మీథేన్ జీవులు దానిని వెంటనే మింగేస్తాయి. బురదను ముందుగా వేడిచేసి, ఆపై ఆమ్లగుణాన్ని నిలిపి వాటిని అణచవలసి ఉంటుంది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో, 2014లో భట్నాగర్ పురస్కారం పొందిన ఎస్. వెంకటమోహన్ బృందం పాడి పరిశ్రమ వ్యర్థజలాలు మొదలైన వాటిపై ఈ పరిశోధనలు జరిపింది.

చిక్కు మరోచోట ఉంది. ఒక గ్లూకోజ్ అణువులో 12 హైడ్రోజన్ అణువులకు సరిపడే శక్తి ఉండగా, పులియడం వల్ల దక్కేవి గరిష్ఠంగా నాలుగే. మిగిలినది ఆమ్లాల రూపంలో నీటిలోనే ఉండిపోతుంది. అంటే నీరు శుభ్రపడదు. మీథేన్ తయారీకో, మరో శుద్ధికో పంపక తప్పదు. పట్టణ మురుగు మరీ పలుచన. అందులోని సేంద్రియ పదార్థమంతా చక్కెరే అనుకున్నా, కిలో హైడ్రోజన్‌కు దాదాపు 50 వేల లీటర్ల మురుగు కావాలి. టన్ను ఇనుముకు 50 కిలోల పైచిలుకు హైడ్రోజన్ అవసరం. ఆ ఒక్క టన్నుకే ఇరవై వేల మందికి పైగా జనం ఒక రోజులో వదిలే మురుగంతా చాలదు! భిలాయి ఉత్పత్తి ఏటా లక్షల టన్నులలో ఉంటుంది.

కాగా పాల డెయిరీలు, పిండి మిల్లులు, డిస్టిలరీల చిక్కని వ్యర్థజలాల సంగతి వేరు. అక్కడ ముందు హైడ్రోజన్, వెనుక మీథేన్ తీసే జంట రియాక్టర్లకు అర్థం ఉంది. మీథేన్ వరకే చూసినా, ఐఐసీటీ పరిజ్ఞానంతో నడిచే బోయినపల్లి మార్కెట్ ప్లాంటు రోజుకు సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి 500 యూనిట్ల విద్యుత్తు తీస్తున్నట్లు 2021 నాటికే దేశమంతటికీ తెలిసింది.

ఇక కర్మాగారపు సొంత నీటి సంగతి. కోక్ ఓవెన్ల వ్యర్థజలంలోని ఫినాల్, సయనైడ్‌లు ఈ బాక్టీరియాకు విషం. ఆ ఓవెన్ల నుంచి వచ్చే వాయువులో మాత్రం సగానికి పైగా హైడ్రోజనే. అయితే అది బొగ్గు నుంచి పుట్టినది కనుక, గ్రీన్ హైడ్రోజన్ ఖాతాలో చేరదు.