కారణం గడిలో ఏం రాయమంటారు?

మా తమ్ముడికి ఉద్యోగం పోయింది. పోయింది అనడం కూడా సరికాదు. వాణ్ణి ఎవరూ తీసెయ్యలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు, కాటేదాన్‌లో వాడు పనిచేసే ప్లాస్టిక్ ఫ్యాక్టరీ మూతబడింది. ఏప్రిల్‌లో సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "మీవాళ్ళెవరన్నా ఢిల్లీ మర్కజ్‌కు పోయొచ్చిన్రా?" అని అడిగాడు. లేదన్నాడు తమ్ముడు. మే నెలాఖరుకు ఫ్యాక్టరీ తెరిచారు. పక్క మిషన్ల మీద పనిచేసేవాళ్ళకు కబురొచ్చింది. వీడికి రాలేదు. గేటు దాకా పోతే వాచ్‌మన్, "సారు చెప్తనన్నడు, అప్పుడు రా" అన్నాడు. ఆ అప్పుడు రానేలేదు. తొమ్మిదేళ్ళ నౌకరీ ఒక కాగితం ముక్క లేకుండా ముగిసింది.

ఈ మాట ఒక యూనియన్ మిత్రుడితో అన్నాను. "ఇందులోకి మతాన్ని ఎందుకు తెస్తావు? ఇది కార్మిక సమస్య" అన్నాడు. మతాన్ని తెచ్చింది నేనా? సరే, మీ మాటే తీసుకుందాం. కార్మిక సమస్యగానే చూద్దాం.

తమ్ముడి జీతం నెలకు పన్నెండు వేలు. అందులోంచి ఈఎస్‌ఐ కింద నూటికి ముప్పావు రూపాయి చొప్పున, అంటే నెలకు 90 రూపాయలు కోసేవారు. 2019 జూలైకి ముందైతే ఇంకా ఎక్కువే కోశారు. ఆ కోతలో హిందూ చందా, ముస్లిం చందా అని తేడా లేదు. ఉద్యోగం పోయిన బీమా కార్మికుడికి కొంత డబ్బిచ్చే పథకం ఒకటి 2018లో మొదలైంది. దాని పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. మొదట సగటు సంపాదనలో నాలుగో వంతు ఇచ్చేవారు. కరోనా వచ్చాక, 2020 మార్చి 24 తర్వాత పని పోయినవాళ్ళకు సగం చేశారు. అదీ తొంభై రోజులకు మించదు, బతుకు మొత్తంలో ఒక్కసారే. మా తమ్ముడి లెక్కలో పద్దెనిమిది వేలు. బిచ్చం కాదు, వాడి పైసలు కూడా ఉన్న బీమా. యజమాని సంతకం కోసం తిరగక్కర్లేదు, కార్మికుడే నేరుగా పెట్టుకోవచ్చు అని కూడా అప్పుడే సడలించారు. మంచి సడలింపే, కాదనను.

ఆ నవంబరులో ఇద్దరం కూర్చున్నాం. ఇంగ్లీషు ఫారం కదా, నింపడానికి నన్ను పిలిచాడు. పేరు దగ్గరే ఆగిపోయాం.

మా ఇంటి మగవాళ్ళందరి పేరు ముందు షేక్ ఉంటుంది. ఫ్యాక్టరీ గుమాస్తా దాన్ని ఇంటిపేరు అనుకుని 'ఎస్‌.కె.' అని పొడి అక్షరాలు చేశాడు. ఆధార్‌లో పూర్తిగా ఉంది. బ్యాంకు పుస్తకంలో చివర ఒక హెచ్ ఎక్కువుంది. స్కూలు సర్టిఫికెట్‌లో షేకే లేదు. ఒక్క మనిషి నలుగురయ్యాడు. మహమ్మద్ అయితే 'ఎం.డి.', మా ఆడవాళ్ళయితే ఒకచోట బీ, ఒకచోట బేగం. ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక అనే లెక్క మీది. ఆ లెక్కలో గీసిన గడుల్లో మేం ఎప్పుడూ పట్టలేదు. పట్టనప్పుడల్లా తప్పు గడిది కాదు, మాది! ఫారం తిరిగొచ్చింది. పేర్లు కలవలేదట. కౌంటర్ దగ్గరి మనిషి మర్యాదగానే చెప్పాడు, ఆయన్ని అనేదేం లేదు. మర్యాదగా కూడా ఒక మనిషిని లేకుండా చెయ్యొచ్చు.

మతం వద్దన్న మిత్రుడా, కార్మిక సమస్యలోంచే మా పేరు బయటికొచ్చింది చూశావా?

ఇంకో సంగతి. తమ్ముడు మా గల్లీలో అదృష్టవంతుడు. వాడికి ఈఎస్‌ఐ నంబరుంది. పంక్చర్లు వేసేవాడికి, జర్దోసీ కుట్టే పిల్లకి, లేత్ మిషన్ మీద రోజు కూలికి నిలబడేవాడికి ఏ నంబరుంది? ముస్లిం కార్మికుల్లో నూటికి 61 మంది సొంత పనుల మీద బతికేవాళ్ళేనని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. నౌకరీ ఉన్నట్టు రుజువు లేనివాడికి, అది పోయినట్టు రుజువెక్కడిది? నిరుద్యోగం లెక్కకు రావాలన్నా ముందు ఉద్యోగం లెక్కలో ఉండాలి కదా. 2018లో ఆంధ్రలో మొదలైన యువనేస్తం భృతి చదువు సర్టిఫికెట్ అడిగింది. పదేళ్ళకే గ్యారేజీకి పోయినవాడు ఏం చూపిస్తాడు, నూనె మరకల చేతులా?

మావాళ్ళనూ వదలను. ఈ సంగతి మసీదు దగ్గర ఒక పెద్దమనిషికి చెబితే, రంజాన్‌కు రేషన్ కిట్ రాయిస్తానన్నాడు. జనాబ్, మేం అడిగింది జకాత్ కాదు! వాడి జీతంలో కోసిన పైసల మీద వాడి హక్కు. పేర్లు కలిపించడానికి, అఫిడవిట్ రాయించడానికి నలుగురు చదువుకున్న కుర్రాళ్ళను జుమ్మా తర్వాత ఒక గంట కూర్చోబెట్టండి. బియ్యం సంచి కంటే ఖర్చు తక్కువ.

పేరు దిద్దించుకోవడానికి తమ్ముడు నాలుగుసార్లు తిరిగాడు. తిరిగిన రోజు కూలి లేదు. ఐదోసారి నేను రమ్మంటే, "వదిలెయ్ భయ్యా, బండి పెట్టుకున్న కదా" అన్నాడు. బత్తాయిలు అమ్ముతున్నాడు. ఇప్పుడు వాడు ఏ లెక్కలోనూ నిరుద్యోగి కాడు.

కారణం దగ్గర మేం లాక్‌డౌన్ అనే రాశాం. అది అబద్ధం. లాక్‌డౌన్ పక్క మిషన్ వాడికీ వచ్చింది, వాడు పనిలోకి పోయాడు. యూనియన్ మిత్రుడా, తిరిగొచ్చిన ఆ ఫారం ఇంకా నా దగ్గరే ఉంది. నీ ఆఫీసుకు పట్టుకొస్తాను. ఆ గడిలో ఏం రాయాలో నువ్వే చెప్పు.