ఏడాదికి ఒక్క ఉత్తరం: సెల్యులర్ జైలును ఎలా చదవాలి?

మెయిన్స్‌లో సెల్యులర్ జైలు మీద ప్రశ్న వస్తే మనందరి జవాబూ దాదాపు ఒకటే. 1906లో నిర్మాణం పూర్తి, ఏడు విభాగాలు, ఏకాంత గదులు, 1933, 1937 నిరాహార దీక్షలు. తప్పేం లేదు, మార్కులూ వస్తాయి. కానీ లోపల ఖైదీ రోజు ఎలా గడిచిందో మనకు చెప్పిందెవరు? మీరెప్పుడైనా ఆలోచించారా?

ఖైదీకి ఇంటికి ఉత్తరం రాసుకునే అవకాశం ఏడాదికి ఒక్కసారి. అదీ జైలు అధికారులు చదివాకే బయటికి వెళ్లేది. సావర్కర్ తమ్ముడు నారాయణరావుకు రాసిన ఉత్తరాలు చదివితే ఇంటివాళ్ల యోగక్షేమాలు, పుస్తకాలు, దేశం కబుర్లు ఉంటాయి. గానుగ తిప్పి రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయాలన్న లెక్క మాత్రం జైలు బయటికొచ్చాక రాసుకున్న జ్ఞాపకాల్లోనే వివరంగా దొరుకుతుంది. ఉత్తరం అబద్ధమని కాదు. పక్కన అధికారి ఉన్నాడని గుర్తుపెట్టుకుని చదవాలి.

దీనికి ఎదురుగా ఇంకో ఉత్తరం ఉంది. 1912లో ఇందుభూషణ్ రాయ్ తన గదిలో ఉరేసుకున్నాడు. ఉల్లాస్కర్ దత్ మతి చలించి చివరికి మద్రాసు పిచ్చాసుపత్రికి చేరాడు. ఆ రోజుల్లోనే హోతీలాల్ వర్మ అనే ఖైదీ దొంగచాటుగా పంపిన ఉత్తరం సురేంద్రనాథ్ బెనర్జీ 'బెంగాలీ' పత్రికలో వచ్చింది. పత్రికల్లో గొడవ పెరిగింది. 1913లో హోం సభ్యుడు క్రాడక్ స్వయంగా జైలుకు రావాల్సి వచ్చింది. ఏ ఉత్తరం ఎవరి కళ్లు తప్పించుకుని వచ్చిందన్నదే ఇక్కడ అసలు ఆధారం.

మాది జంగ్లీఘాట్. తాతయ్య శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చినవాడు, చదువు లేదు. ఊరికి ఉత్తరం కావాలంటే పక్కింటాయన చేత రాయించుకునేవాడు. జ్వరంతో మంచం పట్టినా 'ఉభయకుశలోపరి' తోనే మొదలు. పరాయి మనిషి ముందు కష్టం చెప్పుకోడానికి సిగ్గు. జైలు ఉత్తరాలు చదువుతుంటే నాకు అదే గుర్తొస్తుంది.

మరి ఉత్తరమే మిగలనివాళ్ల సంగతి? అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్‌లో శిక్ష అనుభవించినవాడే. 1952లో లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. మన నోట్స్‌లో రంప తిరుగుబాటు ఒక అధ్యాయం, సెల్యులర్ జైలు ఇంకో అధ్యాయం. రెంటినీ కలిపే మనిషి ఏ అధ్యాయంలోనూ ఉండడు. కాగితం మీద పెట్టినవాళ్ల బాధే మనకు చరిత్రగా చేరుతోందని నా అభిప్రాయం.

మాక్ టెస్ట్‌లో ఇదంతా రెండు వాక్యాల్లో రాస్తే, దిద్దిన సార్ 'అనవసరం' అని ఎర్రగీత కొట్టారు. ఒకటిన్నర మార్కు పోయింది. 150 పదాల జవాబులో చోటు తక్కువే, ఒప్పుకుంటా. అయినా ఆ రెండు వాక్యాలు తీసేయలేదు. తర్వాతి టెస్ట్‌లో ఏడు విభాగాల వర్ణన తగ్గించి మల్లుదొర పేరు మళ్లీ రాశాను.